కామేశ్వరి గారి కళ్ళకు ఏమీ కాలేదు

మొన్న శనివారం మా లాబ్‌కి కొత్త యంత్రం వచ్చింది. గాజువాకలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా, మేడ కింద రెండు గదుల్లో నడిచే చిన్న నర్సింగ్ హోమ్ లాబ్ మాది. ఈ యంత్రం రంగు నీటిని సన్నటి గొట్టంతో పీల్చుకుని, తనే చూసుకుని, అంకెను కాగితం మీద కొట్టి ఇస్తుంది. దానితో పాటు వచ్చిన పెట్టెలో చిన్న చిన్న సీసాలున్నాయి. ఒక సీసా మూత తీస్తుంటే అంచున నిలిచిన పసుపు నీరు వేలికి అంటింది. గుడ్డతో తుడుచుకుని ఆ సంగతి మరిచిపోయాను. కాసేపటికి టీ వచ్చింది. తాగి, అలవాటుగా ఆ వేలితోనే మీసం తుడుచుకున్నాను. నాలుక మీద చేదు దిగింది. కాకరకాయ చేదు, కషాయం చేదు కొంతసేపటికి పోతాయి. ఇది నాలుక వెనక్కి వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. పిక్రిక్ యాసిడ్ చేదు అది. నేను దాన్ని రుచి చూసి పన్నెండేళ్ళు దాటింది. నోరు కడుక్కోవడానికి లేచి, కొళాయి దగ్గర నిలబడి, కడుక్కోకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ చేదును నాకు మొదట పరిచయం చేసినావిడ పేరు కామేశ్వరి. పోర్టు దగ్గర వన్‌టౌన్‌లో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, ఆ భవనంలో గోడౌన్ పెట్టారు. ఆ ఆసుపత్రి లాబ్‌కి ఆవిడ పెద్ద. అక్కడ పనిచేసిన వాళ్ళు ఎప్పుడైనా కలిస్తే ఆవిడ మాట వస్తుంది. “కళ్ళు ఆనక తప్పు రిపోర్టు ఇచ్చిందే, ఆవిడేనా?” అంటారు. పోయిన ఏడు ఒక పెళ్ళి పంక్తిలో నా పక్కన కూర్చున్నాయన కూడా అదే అన్నాడు. నేను తలవంచుకుని అన్నం కలుపుకున్నాను. ఆ మాట అబద్ధం. అది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆవిడను ఎన్నడూ చూడని వాళ్ళ కోసం కూడా ఇది రాస్తున్నాను. ఎందుకంటే చూసిన వాళ్ళకంటే విన్నవాళ్ళే ఎక్కువమంది ఉన్నారు.

నేను చోడవరం పక్క పల్లె నుంచి బీఎస్సీ కాగితం పట్టుకుని ఆ లాబ్‌లో చేరినప్పుడు డెబ్బైలు అప్పుడే మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఏ ద్రవాన్నైనా గాజు గొట్టంతో, నోటితో పీల్చి కొలవాలి. మొదటి రోజు ఆవిడ పసుపు సీసా ముందు పెట్టి “ఆ గీత దాకా తీసుకో” అన్నారు. నేను సోడా తాగినట్టు పీల్చాను. గీత దాటి నోట్లోకి వచ్చేసింది.

“ఎలా ఉందయ్యా?” అని అడిగారు, నవ్వకుండా.

“సేదుగా ఉందండి.”

“ఎంత చేదు?”

“ఏపాకు నయమండి.”

“బాగుంది. ఇంక జన్మలో గీత దాటి పీల్చవు. వెళ్ళి నోరు కడుక్కో. సాయంత్రం దాకా అన్నం రుచి తెలీదు. కూరలో ఉప్పు లేదని ఇంట్లో వాళ్ళ మీద అరవకు.”

కామేశ్వరి గారిది కాకినాడ. భర్త పోర్టులో గుమాస్తాగా పనిచేస్తూ చనిపోయారు. అప్పటికి ఆవిడకు ముప్పై నిండలేదట. తర్వాత లాబ్ పని నేర్చుకుని, అత్తగారిని పోషిస్తూ ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పిక్రిక్ యాసిడ్ అంటితే సబ్బుకు పోదు, చర్మం మారితేనే పోతుంది. చేరిన కొత్తలో అత్తగారు ఆ వేళ్ళను చూసి మొహం తిప్పుకునేవారట. భర్త పోయిన మనిషికి పసుపు ఏమిటని. “వంటింటి పసుపు కాదు అత్తయ్యా, కావాలంటే నాకి చూడండి అన్నాను. ఆవిడ నిజంగానే నాకారు. మళ్ళీ నా వేళ్ళ ఊసెత్తితే ఒట్టు” అని చెప్పి ఆవిడ ఒంటరిగా నవ్వుకునేవారు. నాకు నవ్వాలో వద్దో తెలిసేది కాదు.

పోర్టులో ఓడలకు ఎత్తే ఖనిజం దుమ్ము మా కిటికీల్లోంచి వచ్చి బల్లల మీద ఎర్రగా పేరుకునేది. ఆవిడ పొద్దున్నే వచ్చి కడిగి ఆరబెట్టిన గాజు గొట్టాలను మళ్ళీ కడిగేవారు. ఆ రోజు వాడే పసుపు ద్రావణాన్ని ఆ రోజే కలిపేవారు. రక్తంలోంచి తీసిన తేటలో ఆ ద్రావణం పోస్తే పసుపు నెమ్మదిగా నారింజ రంగుకు తిరుగుతుంది. ఎంత ముదిరితే క్రియాటినిన్ అంత ఎక్కువ. ఆ రంగును కలరీమీటరులో పెడితే ముల్లు కదిలి ఒక గీత దగ్గర ఆగుతుంది. ఆ క్రియాటినిన్ అంటే ఏమిటో పుస్తకంలో చదివాను గానీ, అర్థమైంది ఆవిడ చెప్పాకే. “మన కండలు రోజూ కాస్త చెత్త తీసి రక్తంలో పారేస్తాయి. కిడ్నీలు దాన్ని ఊడుస్తాయి. ఊడ్చేవాడు నీరసపడితే వీధిలో చెత్త పేరుకుంటుంది. ఊడ్చేవాణ్ణి మనం చూడలేం. చెత్త ఎంతుందో చూసి, వాడు ఎలా ఉన్నాడో ఊహించాలి. అదీ మన పని.”

చిన్నప్పుడే షుగరు వచ్చి రోజూ ఇన్సులిన్ సూది వేసుకునే పిల్లలు మా ఆసుపత్రికి అయిదారుగురు వచ్చేవారు. కామేశ్వరి గారు వాళ్ళను సూది పిల్లలు అనేవారు. ఆ రోగం పదేళ్ళు దాటాక కిడ్నీల మీదికి వస్తుందని తెలుసు కాబట్టి, వాళ్ళు ఎప్పుడు వచ్చినా, డాక్టరు రాసినా రాయకపోయినా, క్రియాటినిన్ చూసేవారు. ఒక్కొక్కళ్ళకు ఒక్కొక్క గళ్ళ కాగితం. మందుల బీరువా తలుపుకి లోపలి వైపు వాటిని వరసగా గుచ్చి ఉంచేవారు. వచ్చిన అంకెను పెన్సిలుతో చుక్కగా పెట్టేవారు. ఆ చుక్క ఆవిడ తప్ప ఇంకెవరూ పెట్టకూడదు. మా రిపోర్టు ఫారం మీద ఇంత నుంచి ఇంత దాకా నార్మల్ అని అచ్చేసి ఉండేది. నేను ఒకసారి ఒక సన్నటి పిల్లాడి అంకె చూసి “నార్మలేనండి” అన్నాను.

“ఎవరికి నార్మల్? పోర్టులో బస్తాలు మోసేవాడికీ ఈ పిల్లాడికీ ఒకటే కొలతా? వీడికి కండ ఏదీ? వీడి కొలత వీడి నిరుటి అంకె. కాగితం చూడు.”

చూశాను. రెండు చుక్కలున్నాయి. రెండోది కాస్త పైన ఉంది. నేను ఉత్సాహంగా రెండింటినీ కలుపుతూ వేలితో గీత గీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. “రెండు చుక్కలతో నువ్వు గీసేది నీ భయం. మూడోది రానీ. మూడోది వచ్చాక నువ్వు గీయక్కర్లేదు, అదే కనిపిస్తుంది.”

ఆ కాగితాల్లో ఒకటి నూకరత్నానిది. వాళ్ళ నాన్న అప్పలనాయుడు పోర్టులో కలాసీ. ఊళ్ళో రెండు మళ్ళు అన్నకు వదిలేసి వచ్చి మల్కాపురంలో ఉండేవాడు. ఆ పిల్లకు ఆరేళ్ళప్పుడు షుగరు వచ్చింది. నేను మొదటిసారి చూసేసరికి పదిహేడేళ్ళుంటాయి. ఎండుకట్టెలా ఉండేది గానీ నోరు ఆగేది కాదు. ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేది. రక్తం తీయడానికి చెయ్యి చాపి, ముందుగా కామేశ్వరి గారి వేళ్ళను చూసి నవ్వేది.

“అమ్మగోరూ, మీ సేతులు పసుపు, నా సేతులు రొయ్యల కంపు. ఇద్దరం కలిసి పులుసెట్టెద్దామేటి?”

“ముందు ఉప్పు తగ్గించుకోవే. పులుసు సంగతి తర్వాత చూద్దాం. సూది మానలేదు కదా?”

“మాననమ్మా. మానితే మా అయ్య నా కంటే ముందు ఏడుత్తాడు.”

ఆవిడ మాటకు మాట అనే పిల్ల అదొక్కతే.

ఒక వానాకాలం నూకరత్నాన్ని స్పృహ సగం లేకుండా తీసుకొచ్చారు. జ్వరం వచ్చి తిండి మాని, తిండి లేదు కదా అని సూది కూడా మానేసింది. ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తోంది. రక్తం నేనే చూశాను. ఎప్పుడూ పాయింట్ ఎనిమిది దాటని పిల్లకు రెండు పాయింట్ ఆరు వచ్చింది. నేను కామేశ్వరి గారి కోసం ఆగకుండా మెట్లెక్కి డ్యూటీ డాక్టరుకు చెప్పేశాను, కిడ్నీలు పోయాయన్నట్టుగా. ఆయన కంగారుపడి పెద్ద డాక్టరును పిలిపించాడు. ఈలోగా కామేశ్వరి గారు మూత్రంలో కీటోన్లు చూశారు. గొట్టంలో ముదురు ఊదా రంగు వలయం కట్టింది. ఇన్సులిన్ లేనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పుడతాయి. ఊపిరిలో ఆ పండు వాసనా వాటిదే. అవి కూడా మా పసుపు ద్రావణాన్ని నారింజకు తిప్పుతాయి. అంటే నేను చూసిన రంగులో క్రియాటినిన్ కొంతే. మిగతాది కీటోన్ల రంగు. రెండు రోజులకు పిల్ల తేరుకున్నాక మళ్ళీ చూస్తే పాయింట్ ఎనిమిదే.

డ్యూటీ డాక్టరు వార్డులో పదిమంది ముందు “మీ లాబ్‌లో రంగులు బాగా వేస్తారయ్యా, సినిమా హాలుకి వెళ్ళి బోర్డులు రాసుకోండి” అన్నాడు. నర్సులు నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా కాలం వినిపించింది. కామేశ్వరి గారు మాత్రం నన్ను పక్కకు పిలిచారు. “సూది పిల్లల్లో అంకె ఒక్కసారిగా పెరిగితే వెంటనే నమ్మకు. ముందు కీటోన్లు చూడు” అన్నారు. నేను ఆ మాటలో మొదటి సగాన్ని ప్రాణంగా పట్టుకున్నాను.

రెండేళ్ళు గడిచాయి. నా పని మీద ఆవిడకు నమ్మకం కుదిరింది. “సూర్యనారాయణ చేస్తే నేను చేసినట్టే” అని ఒకసారి పెద్ద డాక్టరుతో అనడం నేను విన్నాను. ఆ తర్వాతి నెలలోనే, వాళ్ళ నాన్నగారి తద్దినానికి ఆవిడ కాకినాడ వెళ్ళారు. ఆ రోజు నూకరత్నం వచ్చింది. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు వాస్తున్నాయని చెప్పింది. “షెడ్డులో రోజంతా మంచుగడ్డల్లో నిలబడితన్నాను గదన్నా, వాయకేటి సేత్తాయి?” అని తనే కారణం కూడా చెప్పి, సంతలో ఎవరో చేప తూకంలో మోసం చేస్తే తను ఎలా తిట్టిందో అభినయించి, అందరినీ నవ్వించి వెళ్ళింది. ఆమె ఊపిరిలో పండు వాసన లేదు. రొయ్యల వాసన తప్ప ఏ వాసనా లేదు.

ముల్లు ఆగిన చోటికి లెక్క కడితే ఒకటి పాయింట్ ఆరు వచ్చింది. ఆ చోటును రఫ్ పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఈ పిల్లకు ఎప్పుడూ ఇంత లేదు. సూది పిల్లల్లో అంకె పెరిగితే నమ్మకూడదు. ఇది మళ్ళీ ఆ రంగు మాయే. మూత్రం సీసా బల్ల మీదే ఉంది. కీటోన్లు చూడడానికి అయిదు నిమిషాలు పట్టేది. నేను చూడలేదు. నాకు తెలుసనుకున్నాను. అంతకంటే ఎక్కువగా, ఆ డ్యూటీ డాక్టరు నన్ను చూసి మళ్ళీ నవ్వుతాడని భయపడ్డాను. బీరువా తలుపు తెరిచి, ఆమె నిరుటి అంకె పాయింట్ తొమ్మిది అని చూసి, రిపోర్టు మీద అదే రాశాను. అబద్ధం రాస్తున్నానని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. తప్పుగా వచ్చినదాన్ని దిద్దుతున్నాననుకున్నాను.

మర్నాడు కామేశ్వరి గారు వచ్చి, ఉన్న రిపోర్టులన్నీ సంతకాలు చేశారు. నూకరత్నం కాగితం దగ్గర ఆగి, “బంగారుతల్లి, కదల్లేదు” అని పెన్సిలు తీసి తన చేత్తో చుక్క పెట్టారు. ఆ రిపోర్టు చూసిన డాక్టరు, కాళ్ళ వాపు నిలబడి పనిచేయడం వల్లనేనని, రాత్రిపూట కాళ్ళ కింద తలగడ పెట్టుకోమని చెప్పి పంపాడు.

ఎనిమిది నెలల తర్వాత నూకరత్నం మళ్ళీ వచ్చింది. మొహం ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, మెట్లు ఎక్కలేక తండ్రి చేతుల మీద వచ్చింది. కామేశ్వరి గారు స్వయంగా మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అయిదుకు దగ్గరగా వచ్చింది. కీటోన్లు లేవు. ఆవిడ బీరువా తలుపు తెరిచి ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత అటక మీంచి పాత రఫ్ పుస్తకం దింపి, ఆ రోజు పేజీ తీశారు. నేను ఎదురుగానే ఉన్నాను.

“ముల్లు ఎక్కడ ఆగిందో సరిగ్గానే రాశావు. దానికి ఒకటి పాయింట్ ఆరు రావాలి. పాయింట్ తొమ్మిది ఎలా వచ్చింది?”

“కీటోన్ల రంగు అనుకున్నానండి.”

“మూత్రం చూశావా?”

“లేదండి.”

“పిల్ల ఎలా ఉంది ఆవేళ? మత్తుగా ఉందా?”

“నవ్వుతూనే ఉందండి.”

ఆవిడ పుస్తకం మూశారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. “నేను చెప్పిన దాంట్లో సగం విన్నావు. రెండో సగం విన్నావో లేదో నేను చూసుకోవాల్సింది” అన్నారు. “ఎనిమిది నెలలు, సూర్యనారాయణా. అప్పుడే తెలిసుంటే బతికించేవాళ్ళమని నేను అనను. ఉప్పు మానిపించేవాళ్ళు. బీపీకి మందిచ్చేవాళ్ళు. ఆ మంచులో నిలబడ్డం మానేది. ఎంతో కొంత మెల్లగా నడిచేది రోగం. ఆ ఎనిమిది నెలలూ ఆ పిల్లవి. మనం తీసేసుకున్నాం.”

నేను ఏడుస్తున్నాను. ఆవిడ అది చూడనట్టే మాట్లాడారు. “సంతకం నాది. పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను, నీ పేరు రాదు. నువ్వు ఒక్క పని చెయ్యి. పైకి వెళ్ళి ఆ పిల్లకు నీ నోటితో చెప్పు. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు.”

మెట్లెక్కాను. వార్డులో చివరి మంచం. తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుని విసురుతున్నాడు. నన్ను చూడగానే నూకరత్నం లేవబోయి, లేవలేక, “అన్నా, నా మొకం సూడు, పూరీలాగ పొంగిపోనాది. అద్దం తెమ్మంటే మా అయ్య తేడు” అంది. నేను మంచం అంచున నిలబడ్డాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. ఆమె తనే అడిగింది.

“అది గాదన్నా, మొన్న అంతా బాగుందని కాయితం ఇచ్చినారు గదా. ఎవులు సూసినారు ఆయాల?”

ఇంతకంటే తేలికైన దారి నాకు ఎవరూ చూపించలేరు. నేను అన్న మాట ఇది: “మేడమ్ గారికి ఈమధ్య కళ్ళు సరిగా ఆనడం లేదమ్మా.”

నూకరత్నం మొహంలో కోపం కోసం చూశాను. “అయ్యో, ఆయమ్మకా? పాపం, అద్దాలెట్టుకోమనన్నా” అంది.

అప్పలనాయుడు విసనకర్ర ఆపాడు. తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నేను వెనకాలే పరుగెత్తాను గానీ అతన్ని దాటలేదు. లాబ్ కిటికీ ముందు అప్పటికి ఇరవైమంది రోగులున్నారు. “కళ్ళు ఆననోలికి ఈ పనెందుకమ్మా? ఇంటికాడ కూకోలేవా? నీ కంటికి ముల్లు ఆనలేదు సరే, నా బిడ్డ కూడా ఆనలేదేటి? ఎవులి కొంప ముంచడానికి కూకున్నావిక్కడ?” అని అరిచాడు. కామేశ్వరి గారు లేచి నిలబడి విన్నారు. ఆవిడ ఏభై దాటినా అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి. ‘కళ్ళు’ అన్న మాట వినగానే ఆవిడ చూపు అతని భుజం మీదుగా నా మీదికి వచ్చింది. ఒక్కసారే. మళ్ళీ అతని వైపు తిరిగి, “తప్పు జరిగింది నాయనా. నా సంతకంతోనే జరిగింది” అన్నారు. కళ్ళ గురించి ఏమీ అనలేదు.

ఆసుపత్రి వాళ్ళు ఆవిడను కళ్ళ పరీక్షకు పంపారు. చూపు బాగానే ఉందని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదు, మాట అప్పటికే ఊరంతా తిరిగింది. ఆవిడను లాబ్ పెద్దగా తీసేసి, రక్తం తీసే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అక్కడా కొందరు చెయ్యి వెనక్కి తీసుకుని, “కళ్ళు కనపడే వాళ్ళు లేరా?” అనేవారు. నాలుగు నెలలు ఆవిడ అలాగే పనిచేశారు. లాబ్‌లో ఆవిడ కుర్చీలో ఆసుపత్రి వాళ్ళు నన్ను కూర్చోబెట్టారు. నేను కూర్చున్నాను.

ఉద్యోగం మానేసి కాకినాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయే రోజున ఆవిడ లాబ్‌కి వచ్చి, బీరువా తలుపు నుంచి నూకరత్నం కాగితం ఒక్కటే తీసి నాకిచ్చారు. పాయింట్ తొమ్మిది దగ్గర తను పెట్టిన చుక్క అలాగే ఉంది. దాని మీద, ఒకటి పాయింట్ ఆరు దగ్గర, ఎర్ర పెన్సిలుతో ఇంకో చుక్క. ఆ ఎర్ర చుక్క గుండా గీత గీసి ఉంది. అంతకు ముందు ఏడాది చుక్క నుంచి బయలుదేరి, దాని మీదుగా, అయిదు దాకా. ఎవరూ పనిగట్టుకుని గీయక్కర్లేని గీత అది.

“తప్పు చుక్కను చెరపకు. చెరిపితే ఎక్కడ దారి తప్పామో మళ్ళీ దొరకదు” అన్నారు. గుమ్మం దగ్గర ఆగి అడిగారు. “ఆ పిల్లకు చెప్పావా?”

“చెప్పానండి.”

“సరే” అన్నారు. ఆవిడకు తెలుసు. తెలిసి నాకు ఇంకో అవకాశం ఇచ్చారని నాకు ఆ తర్వాత చాలా కాలానికి అర్థమైంది.

కిడ్నీ యంత్రం మీద పెట్టాలంటే మద్రాసు పోవాలన్నారు. ఆ కలాసీ ఇంటికి అందే దూరం కాదది. మరుసటి వేసవిలో నూకరత్నం చనిపోయింది. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండలేదు. నేను కొన్నాళ్ళకు ఆ ఆసుపత్రి వదిలేశాను. ఉక్కు ఫ్యాక్టరీ పనులతో గాజువాక పెరుగుతుంటే ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాను. కామేశ్వరి గారు పోయారని రెండేళ్ళ క్రితం వాళ్ళ చెల్లెలు కార్డు రాశారు. చివరిదాకా అద్దాలు లేకుండానే పేపరు చదివేవారని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం నా కోసం రాసింది కాదు. ఏదో గుర్తు చేసుకుంటూ రాశారంతే. నేను ఆ కార్డును దాచి పెట్టాను.

శనివారం చేదు తగిలాక, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మల్కాపురం వెళ్ళాను. అప్పలనాయుడు రిటైరై, ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. నిలబడే చెప్పాను. ఆ పాయింట్ తొమ్మిది నేను రాశానని, ఆ రోజు ఆవిడ ఊళ్ళోనే లేరని, ఆవిడ కళ్ళకు ఏమీ కాలేదని, ఆ మాట పుట్టించింది నేనేనని. చెబుతున్నంతసేపూ అతను నేల వైపు చూశాడు. కొడతాడనుకున్నాను.

“ఆయమ్మకి తెల్సా, నువ్వని?” అన్నాడు చివరికి.

“తెలుసు.”

“తెలిసీ, నాను అన్ని మాటలన్నా పడిందా?”

“పడ్డారు.”

బీడీ ఆరిపోయింది. మళ్ళీ ముట్టించలేదు. “మా పిల్ల పోయేముందు గూడా అనీది, ఆయమ్మ అద్దాలు కొన్నాదో లేదో కనుక్కో అయ్యా అని. నాను కనుక్కోలేదు. కోపం నాకు.” “ఆయమ్మ ఎక్కడున్నాది?”

“పోయారండి.”

“మరి నాకు సెప్పి ఏటి లాభం బాబూ? నువ్వు సెప్పేసి బరువు దింపుకుని ఎల్తన్నావు. నాను ఆయమ్మని ఇరవైమందిలో నిలబెట్టి తిట్టినాను. ఆలు ఇంకో ఇరవైమందికి సెప్పుకున్నారు. నువ్వు నా ఒక్కడి సెవిలో సెప్తే సరిపోద్దా? ఆలందరికీ ఎవులు సెప్తారు?”

అతను లోపలికి వెళ్ళి తలుపు వేసుకోలేదు, నన్ను కూర్చోమనీ అనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను. బస్సులో వస్తూ ఆ ఇరవైమందిలో ఒక్కరి మొహమైనా గుర్తు తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. వాళ్ళ ఇళ్ళు నాకు తెలియవు. నాకు తెలిసిన దారి ఇదొక్కటే కాబట్టి ఇలా రాస్తున్నాను.

మా లాబ్ బీరువా తలుపుకు లోపలి వైపు ఇప్పుడు ఏడు గళ్ళ కాగితాలున్నాయి. కొత్త యంత్రం అంకెను అచ్చు కొట్టి ఇచ్చినా, చుక్క నేను పెన్సిలుతోనే పెడతాను. మూడోది వచ్చేదాకా గీత గీయను. సూది పిల్లల్లో ఎవరికైనా అంకె పెరిగితే ముందు మూత్రం చూస్తాను, తర్వాత మళ్ళీ రక్తం చూస్తాను, ఆ తర్వాత ఎవరు నవ్వినా మెట్లెక్కి వెళ్ళి చెబుతాను. మిగతా ఆరింటి పక్కన ఉన్న ఏడో కాగితం పాతది, నూకరత్నానిది. ఆదివారం ఇంటికి పోకుండా నేరుగా లాబ్‌కి వచ్చి దాన్ని కిందికి దింపాను. వేలి మీద పసుపు ఇంకా పోలేదు. పాయింట్ తొమ్మిది దగ్గర కామేశ్వరి గారు నమ్మి పెట్టిన ఆ చుక్క పక్కన ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న గడిలో, స్పష్టంగా చదవడానికి వీలుగా, నా పేరు రాశాను.